ఎనిమిదిన్నరకు వాన లెక్క

పేపర్లో ఓ మూలన చిన్న పెట్టె. ప్రొద్దుటూరు ఇంత, జమ్మలమడుగు ఇంత, పులివెందుల ఇంత... కింద గరిష్ఠం, కనిష్ఠం. పక్కనే ఉండే బంగారం ధర చూసినంత శ్రద్ధగా ఆ పెట్టెను చూసేవాళ్లు తక్కువ. కానీ కరువు మండలాల జాబితాలో మన ఊరు ఉంటుందా, పంటల బీమా సొమ్ము చేతికొస్తుందా అన్నది చాలాసార్లు తేల్చేవి ఆ అంకెలే. అవి ఎక్కడ పుడతాయి, ఎలా పుడతాయి? కడప జిల్లాలో పెన్నా ఒడ్డున ఉన్న రెండు ఊళ్లు, చీనీ తోటల మధ్య ఉన్న మరో ఊరు తిరిగితే ఆ లెక్కను విప్పుకోవచ్చు.

ప్రొద్దుటూరు తూకాల ఊరు. బంగారం అంగళ్ల వీధిలో త్రాసుకు గాజు పెట్టె ఉంటుంది. ఫ్యాను గాలి తగిలితే తూకం తేడా వస్తుందని భయం. మిల్లీగ్రాములు అటూఇటూ అయితే కొనేవాళ్లు ఊరుకోరు, అమ్మేవాళ్లూ ఊరుకోరు. దసరాకు వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి అలంకారాలు చూడ్డానికి జిల్లా అంతా తరలివచ్చే ఈ ఊళ్లో కొలత అంటే అంత పట్టింపు.

అదే ఊళ్లో మే నెల మధ్యాహ్నం ఎండ ఎంత అని అడగండి. ఎవరి లెక్క వాళ్లది! సెల్‌ఫోన్ 43 అంటుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కి తాళం తిప్పితే 47 అంటుంది. మర్నాడు పేపర్లో చూస్తే 42.4. ‘ఉన్నది తగ్గించి రాస్తారబ్బా’ అని ఓ నిట్టూర్పు. ఎవరూ తగ్గించి రాయరు. ముగ్గురూ కొలిచింది మూడు వేర్వేరు వస్తువుల్ని, అంతే.

నీడలో ఎండ

వాతావరణ శాఖ కొలిచేది ఎండను కాదు, గాలి వేడిని. థర్మామీటర్‌ను ఎండలో పెడితే అది గాలి వేడి చెప్పదు, తాను ఎంత కాలిందో చెబుతుంది. అందుకే దానికి ఓ ఇల్లు కట్టారు. తెల్లరంగు వేసిన చెక్క పెట్టె. నాలుగు పక్కలా కిటికీ రెక్కల్లాంటి వాలు పలకలు. గాలి లోపలికి వెళ్లొస్తుంది, ఎండ మాత్రం పడదు. నేలకు నాలుగడుగుల ఎత్తున నిలబెడతారు. తలుపు ఉత్తరం వైపు ఉంటుంది, తెరిచినప్పుడు కూడా సూర్యుడు తొంగి చూడకుండా. దీన్ని రూపొందించింది థామస్ స్టీవెన్‌సన్ అనే స్కాట్లండ్ ఇంజినీరు. సముద్రం ఒడ్డున దీపస్తంభాలు కట్టడం ఆయన వృత్తి. ‘ట్రెజర్ ఐలండ్’ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఈయన కొడుకే. కొడుకు నవల చదివినవాళ్లకంటే తండ్రి పెట్టెలో పుట్టిన అంకె చదివేవాళ్లే ఎక్కువ ఉంటారేమో!

ఆ పెట్టెలో నాలుగు థర్మామీటర్లు ఉంటాయి. ఒకటి గరిష్ఠం చెప్పేది. ఇంట్లో జ్వరం చూసే పాత పాదరసం థర్మామీటర్ గుర్తుందా? అందులో పాదరసం పైకెక్కితే విదిలించేదాకా దిగదు. ఇదీ అంతే. మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య ఎక్కడిదాకా ఎక్కిందో సాయంత్రం చూసినా చెబుతుంది. రెండోది కనిష్ఠం చెప్పేది. అందులో స్పిరిట్, దాంట్లో సన్నటి పుల్ల. చల్లబడేకొద్దీ స్పిరిట్ ఆ పుల్లను కిందికి లాక్కెళ్తుంది. తెల్లారి మళ్లీ వేడెక్కినా పుల్ల అక్కడే ఉండిపోతుంది. రాత్రి కనిష్ఠం అంటాం కానీ అది నమోదయ్యేది అర్ధరాత్రి కాదు, చాలావరకు సూర్యోదయానికి కాస్త ముందు.

ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాక చాలాచోట్ల పాదరసం బదులు ఎలక్ట్రానిక్ పరికరం ఉంటోంది. నియమం మాత్రం మారలేదు. నీడ, గాలి, ఎత్తు.

ఇక తారు రోడ్డు. మిట్టమధ్యాహ్నం దాని మీది వేడి పేపరు అంకె కంటే చాలా ఎక్కువ. చెప్పుల్లేకుండా నడిచే కూలీకి, రోడ్డు పక్కన తోపుడు బండి పెట్టుకున్న మనిషికి తగిలే వేడి ఈ 42.4 కాదు. ఇది పోల్చడానికి పెట్టుకున్న కొలత. ప్రొద్దుటూరును కర్నూలుతో, ఈ ఏడాదిని పోయినేడాదితో పోల్చాలంటే అందరూ ఒకే తీరుగా కొలవాలి కదా.

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఎండ మండినంత మాత్రాన వాతావరణ శాఖ ‘వడగాలి’ అనదు. మైదాన ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు తాకాలి, అది ఆ రోజు ఆ ఊరికి ఉండాల్సిన సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి. లేదా ఏకంగా 45 దాటాలి. ఓ ఊరి సాధారణం 41 అనుకుందాం. అక్కడ 44 వచ్చినా లెక్క ప్రకారం వడగాలి కాదు. సాధారణం 37 ఉండే మైదాన ప్రాంతపు ఊళ్లో 42 వస్తే అవును. అలవాటైన ఒళ్లు తట్టుకుంటుంది, అలవాటు లేనిది తట్టుకోదు అన్నది ఈ నియమం వెనకున్న ఆలోచన. ఆలోచన సరైనదే. కానీ 44 డిగ్రీల్లో ఉపాధి పనికి మట్టి తవ్వే మనిషికి ‘సాధారణం కంటే మూడు డిగ్రీలే ఎక్కువ’ అని చెబితే ఏం ఓదార్పు! 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు వెయ్యి మందికి పైనే.

‘సాధారణం’ అన్న ఆ మాట గురించి కూడా ఓ ముక్క. అది ఎవరో ఊహించి పెట్టింది కాదు. ముప్ఫై ఏళ్ల రికార్డుల సగటు. పదేళ్లకోసారి దాన్ని ముందుకు జరుపుతారు. ఇప్పుడు ఉష్ణోగ్రతలకు 1991 నుంచి 2020 వరకున్న ఏళ్లు ఆధారం. అంటే మన చిన్నప్పటి ఎండలు కాదు, ఈ మధ్య కాలపు ఎండలే ఇప్పటి కొలబద్ద. తాతల కాలంతో పోల్చినట్టు అనుకుంటే పొరపాటు.

తడి గుడ్డ చెప్పే నిజం

పెట్టెలోని మిగతా రెండు థర్మామీటర్లు జంట. ఒకటి మామూలుది. రెండోదాని గుండుకు పల్చటి మస్లిన్ గుడ్డ చుట్టి, దాని కొస నీళ్లలో ఉంచుతారు. తడి ఆరేటప్పుడు చల్లదనం వస్తుంది. కుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. గాలి ఎంత పొడిగా ఉంటే తడి అంత వేగంగా ఆరుతుంది, అంకె అంత కిందికి దిగుతుంది. రెంటి మధ్య తేడాను పట్టికలో చూసి గాలిలో తేమ శాతం తీస్తారు. మామూలుది 42, తడిది 24 చూపిస్తే తేమ దాదాపు 20 శాతం.

ఈ 24 అన్నది ఇంటికి పనికొచ్చే అంకె. ప్రొద్దుటూరులో మే నెలలో కూలర్ పెడితే హాయిగా ఉంటుంది. అదే కూలర్‌ను నెల్లూరుకో చెన్నైకో తీసుకెళ్లి పెడితే ఒళ్లంతా జిడ్డు. ఎందుకంటే కూలర్ చేసేది ఆ తడి గుడ్డ పనే. అది ఎంత తిరిగినా తడి థర్మామీటర్ చూపిన అంకె కంటే గాలిని చల్లబరచలేదు. సీమలో గాలి పొడి కాబట్టి 42కూ 24కూ మధ్య బోలెడు చోటు ఉంది. సముద్రం పక్కన ఆ చోటు తక్కువ.

తేమ శాతం చూసి మోసపోయేవాళ్లూ ఉన్నారు. పొద్దున 50 శాతం, మధ్యాహ్నం 20 శాతం అని ఉంటే గాలిలో నీళ్లు ఎటుపోయాయి అనిపిస్తుంది. ఎటూ పోలేదు. 26 డిగ్రీల దగ్గర 50 శాతంగా కనిపించే ఆవిరే, గాలి 42 డిగ్రీలకు వేడెక్కితే 20 శాతంగా కనిపిస్తుంది. గిన్నె పెద్దదైంది, అందులో పాలు అంతే ఉన్నాయి. అందుకే తేమ అంకె పక్కన ఏ వేళకు కొలిచారో లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ధాన్యాగారం ముందు గిన్నె

ప్రొద్దుటూరు నుంచి పడమటికి జమ్మలమడుగు దారి పడితే అటూఇటూ నల్లరేగడి. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు. అక్టోబరు వానలకు తడిసి, ఆ తడిని గుండెల్లో దాచుకుని చలికాలమంతా శనగను మోసే నేల ఇది. ఇక్కడ వానను మిల్లీమీటర్లలో అడిగితే రైతు నవ్వుతాడు. ‘పదునైందా?’ అన్నదే అతని కొలత. నాగలి దిగేంత తడి ఉంటే దుక్కి పదును. విత్తనం మొలిచేంత ఉంటే విత్తన పదును. నిజం చెప్పాలంటే అది మిల్లీమీటరు కంటే తెలివైన కొలత. ఎందుకంటే ఒకే ఇరవై మిల్లీమీటర్ల వాన పులివెందుల ఎర్రనేలలో ఒక లోతుకు దిగుతుంది, జమ్మలమడుగు రేగడిలో ఇంకో లోతుకు. ఎండి పగిలిన రేగడి మొదటి వానను నెర్రెల్లోకి మింగి ఏమీ ఎరగనట్టు ఉంటుంది. కాకపోతే పదునును ఫోనులో చెప్పి పట్టికలో ఎక్కించలేరు. పక్క మండలంతో పోల్చలేరు. ప్రభుత్వానికి అంకె కావాలి.

ఆ అవసరం ఇవాళ్టిది కాదు. జమ్మలమడుగు దాటి గండికోటకు వెళ్తే, ఎర్రరాతి గోడల మధ్య మాధవరాయ స్వామి ఆలయం, జుమ్మా మసీదుతో పాటు పెద్ద ధాన్యాగారం కనిపిస్తుంది. పర్యాటకులంతా లోయ అంచున ఫొటోలు దిగే హడావుడిలో దీన్ని దాటేసి వెళ్లిపోతారు. ఆగి చూడాల్సిన కట్టడం. కౌటిల్యుడి అర్థశాస్త్రం వర్షమాపకాన్ని పెట్టమన్నది సరిగ్గా ఇలాంటి చోటే. కోష్ఠాగారం ముందు ఒక అరత్ని, అంటే ఇంచుమించు మూర వెడల్పున్న పాత్రను ఉంచాలని అందులో ఉంది. ఏ దేశంలో ఎన్ని ద్రోణాల వాన పడుతుందో కూడా ఉంది. గోదావరి తీరపు అశ్మకానికి పదమూడున్నర, అవంతికి ఇరవైమూడు. గండికోట ధాన్యాగారం ఆ కాలానికి ఎన్నో శతాబ్దాల తర్వాతిది. కానీ గింజలు నిలవచేసే చోటే వానను కొలవాలన్న ఆలోచనలో లోకజ్ఞానం ఉంది. ఎంత కురిసిందో తెలిస్తే ఎంత విత్తుతారో తెలుస్తుంది. ఎంత పండుతుందో, ఎంత శిస్తు వస్తుందో అంచనాకు వస్తుంది. వాన కొలత పుట్టిందే రెవెన్యూ లెక్క కోసం. ఇప్పటికీ చాలా మండలాల్లో ఆ పరికరం ఉండేది తహసీల్దారు కార్యాలయ ఆవరణలోనే.

పరికరం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నేలలో పాతిన డబ్బా, పైన గరాటు, లోపల సీసా. గరాటు అంచు నేలకు సరిగ్గా 30 సెంటీమీటర్ల ఎత్తు. మరీ కిందికుంటే నేల మీద పడ్డ చినుకు ఎగిరి లోపల పడుతుంది. మరీ పైకుంటే గాలి చినుకుల్ని పక్కకు కొట్టేస్తుంది. చుట్టూ చెట్టుగానీ గోడగానీ ఉంటే దాని ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పరికరం ఉండాలి. ఇరవై అడుగుల వేపచెట్టు ఉంటే నలభై అడుగుల అవతల అన్నమాట. మీ మండలంలో అలా ఉందో లేదో ఓసారి చూడండి. చూడ్డానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

జానెడు గరాటు ఊరంతటి వానను ఎలా చెబుతుంది? చాలామంది అడిగే ప్రశ్నే. అది పడిన నీళ్ల పరిమాణం చెప్పదు, లోతు చెబుతుంది. వాన పారకుండా, ఇంకకుండా, ఆవిరవకుండా నేల మీద నిలిచి ఉంటే ఎంత ఎత్తున నిలిచేదో అదే వర్షపాతం. గరాటు పెద్దదైతే ఎక్కువ నీళ్లు పడతాయి, కానీ వెడల్పూ ఎక్కువే కాబట్టి లోతు మారదు.

ఇప్పుడు ఆ లోతును నీళ్లలోకి మార్చి చూస్తే కళ్లు తిరుగుతాయి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అంటే పేపర్లో ‘10 మి.మీ.’ అని కనిపించే వాన ఎకరాకు నలభై వేల లీటర్లు పోసి వెళ్లినట్టు. ఐదు వేల లీటర్ల ట్రాక్టరు ట్యాంకర్లు ఎనిమిది! కరువులో చీనీ చెట్లను బతికించుకోవడానికి ట్యాంకర్లకు డబ్బులు పోసిన రైతుకు ఈ గుణకారం ఎవరూ నేర్పనక్కర్లేదు. మళ్లీ అదే చేతితో, మే నెలలో సీమలో రోజుకు పది మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోవడం పెద్ద విశేషం కాదు. ఎండాకాలం వచ్చిన అంత వానా ఒక్క రోజు ఎండకు సరి.

ఆదివారం వాన, సోమవారం ఖాతా

వాన లెక్క అర్ధరాత్రి మొదలై అర్ధరాత్రి ముగియదు. ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా ఒక రోజు. ఎందుకీ వింత వేళ? లండన్ గ్రీనిచ్ గడియారం ప్రకారం తెల్లవారుజామున మూడు గంటలకు ప్రపంచమంతా ఒకేసారి వాతావరణం చూడాలని ఒప్పందం. మనకు అది ఎనిమిదిన్నర. జమ్మలమడుగులో సీసా ఒంపే వేళకే ఇంకెక్కడో అర్ధరాత్రి కూడా ఎవరో ఆ పని చేస్తుంటారు.

దీంతో వచ్చే తికమక ఏమిటంటే, ఆదివారం సాయంత్రం దంచికొట్టిన వాన సోమవారం తేదీ కింద నమోదవుతుంది. ‘ఆదివారం మా పొలం మునిగింది, రికార్డులో ఆదివారం సున్నా ఉంది’ అని రైతు, ‘సున్నానే’ అని గుమస్తా... ఇద్దరూ నిజమే చెబుతుంటారు. నష్టం దరఖాస్తు రాసేటప్పుడు తేదీతో పాటు వేళ కూడా రాస్తే ఈ పంచాయితీ ఉండదు.

రెండో మెలిక 2.5. ఒక రోజు వర్షపాతం 2.5 మిల్లీమీటర్లు ఉంటేనే వాతావరణ శాఖ దాన్ని ‘వాన పడిన రోజు’గా లెక్కిస్తుంది. ఇదేం అంకె, రెండో మూడో పెట్టొచ్చుగా అనిపిస్తుంది. దేశంలో మెట్రిక్ కొలతలు రాకముందు, అంటే 1950ల దాకా వానను అంగుళాలు, సెంట్లలో రాసేవారు. అంగుళంలో నూరో వంతు సెంటు. పది సెంట్లు పడితే వాన రోజు. అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి ఆ పది సెంట్లు ఇవాళ 2.5గా మారి కూర్చుంది. 64.5 నుంచి భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ అని చెప్పే గీతలు ఆ పైన ఉన్నాయి. టీవీలో ఏ వానకైనా ‘కుంభవృష్టి’ అంటారు కానీ శాఖ నిఘంటువులో ఆ మాటకు ఇంత తీరిగ్గా చోటు దొరకదు.

ఈ రోజువారీ అంకె చెప్పనిది కూడా ఒకటుంది. నలభై మిల్లీమీటర్లు గంటలో పడిందా, రెండు పూటలు ముసురు పట్టి పడిందా? గంటలో పడితే మట్టిని కోసుకుని వంకలో కలుస్తుంది. ముసురైతే నేలలోకి దిగుతుంది. పట్టికలో రెండూ నలభయ్యే. ఆటోమేటిక్ కేంద్రాలతో ఈ లోటు కొంత తీరింది. వాటిలో చిన్న ఏతం లాంటి చెంచాల జత ఉంటుంది. ఒకటి నిండగానే బోల్తా పడి రెండోది పైకి వస్తుంది. ఒక్కో బోల్తాకు ఇంత వాన అని లెక్క. ఏ బోల్తా ఏ నిమిషంలో పడిందో కూడా నమోదవుతుంది. అయితే జడివానలో చెంచా తిరగబడే లోపే నీళ్లు కొంత పక్కకు పోయి లెక్క తగ్గడం, గరాటులో ఆకులో పిచ్చుక గూడో అడ్డుపడి చుక్క కూడా నమోదవకపోవడం దాని బలహీనతలు. పాత సీసాకు ఈ రెండో జబ్బు ఉన్నా, ఒంపడానికి వచ్చిన మనిషి కంటికి అది కనబడుతుంది.

జమ్మలమడుగువాళ్లు నేర్చుకున్న మరో పాఠం... ఊరి వానకూ ఊరి పక్క నదికీ పెద్ద చుట్టరికం లేదు. పెన్నా పుట్టింది కర్ణాటక నంది కొండల్లో. గండికోటకు ఎగువనే చిత్రావతి వచ్చి కలుస్తుంది. ఇక్కడ సున్నా ఉన్న రోజున కూడా నది ఉప్పొంగొచ్చు. 2021 నవంబరులో కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిందంటే అది కమలాపురంలో పడ్డ వాన ఒక్కదాని పని కాదు, ఎగువన కురిసినదంతా కలిసి వచ్చింది. వరద రోజుల్లో పేపర్లో చూడాల్సింది మన ఊరి అంకెను కాదు, నదికి ఎగువనున్న ఊళ్ల అంకెల్ని.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. 26.85 టీఎంసీల గండికోట జలాశయం కళకళలాడుతున్న ఏడాది కూడా చుట్టుపక్కల మెట్ట పొలాలు ఎండొచ్చు. ఆ నీళ్లు చాలావరకు శ్రీశైలం నుంచి కాలువల మీద వచ్చిన కృష్ణమ్మ. రెయిన్‌గేజ్‌కు ఆ నీళ్లతో సంబంధం లేదు. ‘డ్యామ్ నిండింది కదా, కరువేంది?’ అనే పట్నం ప్రశ్నకు జవాబు అదే.

సగటు కింద నలిగే ఊరు

ముద్దనూరు మీదుగా పులివెందుల దారిలో నేల రంగు మారుతుంది. ప్రొద్దుటూరు కంటే వంద మీటర్లు ఎత్తుకు ఎక్కినా ఎండలో ఉపశమనం అర డిగ్రీకి కాస్త పైన, అంతే. వేరుశనగ, చీనీ, అరటి. లింగాల వైపు తోటలు, సింహాద్రిపురం వైపు మెట్ట. పడమటి కనుమలు నైరుతి మేఘాలను ముందే పిండేస్తాయి. తూర్పు నుంచి వచ్చే ఈశాన్యం ఇక్కడికి చేరేసరికి అలిసిపోతుంది. జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం 700 మిల్లీమీటర్ల దరిదాపు. అందులో సగానికి పైగా నైరుతిది, మూడో వంతుకు కాస్త పైన ఈశాన్యానిది. పడమటి మండలాలకు ఆ 700 కూడా దక్కదు.

ఇక్కడే ‘జిల్లా సగటు’ అనే మాట మీద ఓ కన్నేసి ఉంచాలి. మూడు మండలాలు అనుకోండి. ఒకదాంట్లో 60 మిల్లీమీటర్లు, మిగతా రెంటిలో సున్నా. సగటు 20. ‘జిల్లాలో ఓ మోస్తరు వర్షం’ అని శీర్షిక. రెండు ఊళ్లలో చుక్క లేదు! సీమలో వేసవి, నైరుతి వానలు చాలావరకు ఉరుములతో వచ్చి ఓ చెరువు ఈ గట్టున పడి ఆ గట్టున మానేసే రకం. ‘యాడ పడిందన్నా?’ ‘ఆ కొండ కింద పడిందంట’ అన్న సంభాషణ ప్రతి సాయంత్రం వినిపించేదే. సరిహద్దులు మారినా సగటు మారుతుంది. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లాను విడదీసినప్పుడు రాజంపేట, రైల్వేకోడూరు, రాయచోటి వైపు మండలాలు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు జిల్లా సగటునూ ఆ తర్వాతి సగటునూ పక్కపక్కన పెట్టి వాన పెరిగింది, తగ్గింది అనడం రెండు వేర్వేరు తోటల కాపును పోల్చడమే.

లోటు లెక్కకూ గీతలున్నాయి. సాధారణానికి 19 శాతం అటూఇటూ ఉంటే అదీ ‘సాధారణమే’. ఇరవై శాతం తగ్గితే లోటు, అరవై తగ్గితే తీవ్ర లోటు. కరువు ప్రకటనకు కేంద్రం 2016లో తెచ్చిన మార్గదర్శకాల్లో మొత్తం లోటుతో పాటు వాన విరామం కూడా చూస్తారు. వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ సాధారణంలో సగం కంటే తక్కువ పడితే దాన్ని విరామంగా గుర్తిస్తారు. ఆ తర్వాత సాగు విస్తీర్ణం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాలు వగైరా.

పట్టికలో దీని అర్థం ఏమిటో చూడండి. వారం సాధారణం 30 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు వారాలు ఎండ కాసింది. మూడో వారం చివరి రాత్రి కార్యాలయం ఉన్న చోట ఓ గంట ఉరిమి 16 మిల్లీమీటర్లు పడింది. సగం దాటింది, విరామం తెగింది. పది కిలోమీటర్ల అవతల వేరుశనగ ఊడలు దిగే వేళకు నేల రాయిలా ఉన్నా, ఆ మండలం విరామం లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇంకో విశేషం, వాతావరణ శాఖ వారం మనలా ఆదివారంతోనో సోమవారంతోనో మొదలవదు. గురువారం నుంచి బుధవారం దాకా.

ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. సెప్టెంబరు రెండో సగంలో వచ్చే ఉత్తర కార్తె కూడా ఎండితే ఊరు వదలాల్సిందే అని. 1876-78 మహా కరువులో ఈ సీమ అలాగే గంప ఎత్తింది. ఇప్పుడు గంప ఎత్తాలా, రుణాల రీషెడ్యూలు కోసం ఆగాలా అన్నది జాబితా చెబుతుంది. 2023 ఖరీఫ్‌లో రాష్ట్రంలో 7 జిల్లాల్లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. ఆ ఏడు జిల్లాల్లో కడప లేదు. పక్కనున్న అనంతపురం, సత్యసాయి, అన్నమయ్య, నంద్యాల ఉన్నాయి. హద్దురాయికి ఇవతల ఎండిన చేనుకూ అవతల ఎండిన చేనుకూ తేడా నేలలో ఉండదు, పట్టికలో ఉంటుంది.

బీమాలో ఈ అంకె ఇంకా సూటిగా జేబును తాకుతుంది. 2016 నుంచి పునర్వ్యవస్థీకరించి నడుపుతున్న వాతావరణ ఆధారిత పంటల బీమాలో ఎవరూ పొలానికి వచ్చి పంట కోసి చూడరు. నోటిఫై చేసిన ప్రాంతానికి ఒక వాతావరణ కేంద్రాన్ని ఆధారంగా పెడతారు. వాన, వేడి, తేమ, కొన్ని పంటలకు గాలి... ఆ కేంద్రం నమోదు చేసింది షరతులోని గీత దాటితే పరిహారం, దాటకపోతే లేదు. తనిఖీలు, పైరవీలు ఉండవు కాబట్టి సొమ్ము త్వరగా వస్తుందన్నది మంచి వైపు. కేంద్రం మీద పడి పొలం మీద పడని వాన రెండో వైపు. ఏ పంటకు, ఏ తేదీల మధ్య, ఎన్ని మిల్లీమీటర్లకు ఎంత అన్నది ప్రతి సీజన్ నోటిఫికేషన్‌లో ఉంటుంది. ప్రీమియం కట్టే రోజే అడగాల్సిన మొదటి ప్రశ్న... మా పొలానికి లెక్కలోకి వచ్చే కేంద్రం ఏది, ఎంత దూరం?

గాలి సంగతి పులివెందుల అరటి రైతుకే తెలుసు. గెల వేసిన చెట్టు ఏప్రిల్, మే గాలివానకు పది నిమిషాల్లో నడుము విరుచుకుని పడుతుంది. నివేదికలో చూస్తే గాలి వేగం గంటకు 12 కిలోమీటర్లు అని ఉండొచ్చు. అది సగటు. విరిచేది సగటు గాలి కాదు, ఒక్కసారి వచ్చే విసురు. ప్రామాణిక కేంద్రాల్లో గాలిని నేలకు పది మీటర్ల ఎత్తున కొలుస్తారు, దిక్కు రాసేటప్పుడు ఎటు నుంచి వస్తోందో రాస్తారు, ఎటు పోతోందో కాదు. పడమటి గాలి అంటే పడమటి నుంచి వచ్చేది. ఈ విషయంలో మన ఊరి మాటా, శాఖ మాటా ఒకటే. నైరుతి అన్న పేరు కూడా అలా వచ్చిందే.

ఇంట్లో ఓ డబ్బా

కేంద్రం దూరంగా ఉంటే పొలంలోనే కొలుచుకోవచ్చు. దానికి కావాల్సింది నిలువు గోడల డబ్బా ఒకటి, పిల్లల స్కేలు ఒకటి. బకెట్ పనికిరాదు, దాని గోడలు వాలుగా ఉంటాయి. మూతికీ అడుక్కీ ఒకే వెడల్పు ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి. చెట్టుకూ గోడకూ దూరంగా, ఒరిగిపోకుండా నాలుగు రాళ్లు అటూఇటూ పెట్టి ఉంచాలి. ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు నిలువుగా ముంచి ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూడాలి. క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాసి, నీళ్లు పారబోసి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టాలి. వాన రాని రోజు సున్నా అని రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ అంటే చూడలేదని అర్థం, సున్నా అంటే చూశామని.

ఈ రాత బీమా కంపెనీ దగ్గర సాక్ష్యంగా చెల్లదు. కానీ సీజన్ మధ్యలో మండలం లెక్కతో పోల్చి, తేడా ఎక్కువగా ఉంటే గ్రామసభలోనో తహసీల్దారు దగ్గరో తేదీలతో సహా అడగడానికి పనికొస్తుంది. సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలకు ఈ పని అప్పగిస్తే వద్దనరు. ఏడో తరగతి పిల్లకు గుణకారం కూడా వచ్చు కదా. పొద్దున స్కేలు మీద ఏడు కనిపిస్తే మనకున్న రెండెకరాల్లో ఎన్ని ట్యాంకర్లు దిగాయో కాగితం మీద వేసి చెప్పమనండి. పదకొండు దాటాలి.